తడి గరిటె

కోనసీమలో, రాజోలుకు ఆవల ఒక ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. పొలం పంచుకున్నారు, కొబ్బరిచెట్లు లెక్కపెట్టి మరీ పంచుకున్నారు, పెరట్లో బావిని మాత్రం ఎటూ కొయ్యలేక ఉమ్మడిగా ఉంచుకున్నారు. వాళ్ల నాన్నగారు లోకం తెలిసిన మనిషి. 2008లో ఇద్దరికీ చెరో మారుతీ 800 కొనిచ్చారు. ఒకే రోజు, ఒకే తెలుపు రంగు. ఒకడికిచ్చి ఒకడికివ్వకపోతే ఆ ఇంట్లో అన్నం అరగదని ఆయనకు తెలుసు. రెండు కార్లకీ కలిపి రేకుల షెడ్డు మాత్రం ఒక్కటే వేయించారు. అదెందుకో కూడా ఆయనకు తెలిసే ఉంటుంది.

2019 సంక్రాంతి వెళ్లాక అన్నగారు హైదరాబాదులో కొడుకు దగ్గరికి బయల్దేరారు. రెండు నెలల్లో వస్తానన్నారు. కారుని షెడ్డులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ బిగించి, పైన గుడ్డ కప్పి నాలుగు వైపులా తాడుతో కట్టారు. తమ్ముడు మర్యాదకే అడిగాడు.

"తాళం ఇచ్చి వెళ్లు అన్నయ్యా, అప్పుడప్పుడు స్టార్ట్ చేసి ఉంచుతాను."

అన్నగారు వినపడనట్టు చెప్పులు వెతుక్కున్నారు. తాళం చేతికిస్తే స్టార్ట్ చేసేది అప్పుడప్పుడే, రావులపాలెం షికారు మాత్రం రోజూ అని ఆయన అనుమానం. ఉమ్మడి బావిలో నీళ్లు తోడుకుంటూ పెరిగిన అన్నదమ్ములకు ఇలాంటి అనుమానాలు సహజం.

రెండు నెలలు ఏడాదయింది. తర్వాత కరోనా వచ్చిపడింది. అది సద్దుమణిగేసరికి మోకాలి ఆపరేషను. ఆయన మళ్లీ ఊరి గడప తొక్కింది 2022 సంక్రాంతికి.

అన్నగారు వెళ్లిన కొత్తలోనే తమ్ముడింట్లోనూ కారుకి పని పోయింది. కొడుకు కొత్త బండి కొన్నాడు, అందరూ అందులోనే తిరుగుతున్నారు. అయినా నాన్న కొనిచ్చింది కదా, అమ్మడానికి చెయ్యి రాలేదు. అందుకని ఒక నియమం పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం పొద్దున్న స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, షెడ్డు తలుపు తీసి, తాళం తిప్పేవాడు. గోడ గడియారంలో సరిగ్గా ఐదు నిమిషాలు. మధ్యలో రెండుసార్లు ఎక్సలేటరు తొక్కి గుర్రుమనిపించి, ఆపేసి, అద్దం తుడిచి, తలుపు వేసి వచ్చేవాడు. బండిని ఒక్కసారి కూడా షెడ్డు దాటించలేదు. "చినబాబుగారి పూజ అయింది, టైము ఎనిమిది" అని వీధిలో వాళ్లు పనులు చూసుకునేవారు.

అన్నగారు వచ్చాక ఒక కోరిక బయటపెట్టారు. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి నాన్న కొనిచ్చిన కారులోనే వెళ్లాలని. మలికిపురం నుంచి మేస్త్రిని పిలిపించారు. ఆయన తన డీజిల్ ఆటోలోనే వచ్చాడు, వెనక సీటు నిండా పానాలు, డబ్బాలు.

షెడ్డు తలుపు తీశారు. ఒక కారు గుడ్డ మీద పావురాల రెట్టలు, తాళ్లు చీకిపోయి ఉన్నాయి. రెండో కారు అద్దంలో ముఖం చూసుకోవచ్చు.

"పెద్దాయన బండి సంగతి చూడవయ్యా" అన్నాడు తమ్ముడు. "నాది తాళం తిప్పితే చాలు. మూడేళ్లు దీపం కొండెక్కనివ్వలేదు నేను."

అన్నగారు కండువా సర్దుకుని రేకుల వైపు చూశారు.

మేస్త్రి ఏ తాళమూ అడగలేదు. ముందు రెండు బానెట్లూ ఎత్తాడు. డిప్‌స్టిక్ లాగి బనియన్ గుడ్డతో తుడిచి, మళ్లీ దించి లాగి, చివరనున్న నూనెని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు. వాసన చూశాడు. అన్నగారి బండి దగ్గర తల పంకించాడు. తమ్ముడి బండి దగ్గర మళ్లీ వాసన చూశాడు. నూనె పోసే మూత తిప్పి తీసి, లోపలి వైపు వేలు పెట్టి గీరాడు. వేలికి పాలమీగడలో డికాక్షన్ కలిపినట్టు లేత గోధుమరంగు ముద్ద అంటుకుంది.

"రెండిటికీ ఆయిల్ దించేద్దామండి. స్టార్ట్ చెయ్యకుండానే."

"వేడి చేసి దించాలంటారే?" అన్నాడు తమ్ముడు. ఆయనకు అంతమాత్రం తెలుసు.

"రోజూ తిరిగే బండికి అంతేనండి. వేడి మీద నూనె పల్చబడి గబగబా దిగుతుంది, మురికిని కూడా పట్టుకొస్తుంది. నిలవ బండి వేరండి. నూనెకన్నా నీళ్లు బరువు, అడుక్కి దిగి కూర్చుంటాయి. పంపు లాక్కునేది అడుగునుంచే. ఇప్పుడు తాళం తిప్పామంటే బేరింగులకు ముందు తగిలేవి ఆ నీళ్లే. సల్లగానే దించుదాం. నెమ్మదిగా దిగితే దిగింది, మనకేం తొందర, ఆయ్."

రెండు కార్ల కిందా రెండు పాత బేసిన్లు పెట్టి డ్రెయిన్ నట్లు విప్పాడు. అన్నగారి బండిలోంచి ముందు నాలుగు చెంచాల నీళ్లు బొట్లుబొట్లుగా జారాయి, ఆ వెనక బెల్లంపాకం రంగులో చిక్కటి నూనె. అంతే. తమ్ముడి బండిలోంచి టీ గ్లాసు సగానికి పైగా నీళ్లు పడ్డాయి. ఆ వెనక వచ్చింది నూనెలా లేదు. పాలు పోసిన కాఫీలా ఉంది.

అదే సమయానికి తమ్ముడి భార్య టీలు పట్టుకొచ్చారు. బేసిన్లోకి ఒకసారి, ట్రేలోకి ఒకసారి చూసి, ట్రే దూరంగా పెట్టారు.

నూనె తెల్లబడితే ముందు అనుమానించాల్సింది హెడ్ గ్యాస్కెట్‌ని. అది పోతే రేడియేటర్ నీళ్లు నూనెలో కలుస్తాయి. మేస్త్రి ఆ సంగతీ చూశాడు. రేడియేటర్లో నీళ్లు తగ్గలేదు, పైన నూనె తెట్టు లేదు. ఈ నీళ్లు బయటివి కావు. బండి పుట్టించినవే.

"నేను ఒక్క ఆదివారం తప్పలేదయ్యా" అన్నాడు తమ్ముడు. గొంతు కొంచెం తగ్గింది.

"అదేనండి తిరకాసు" అన్నాడు మేస్త్రి.

మేస్త్రి చెప్పింది నా మాటల్లో చెబుతాను. లీటరు పెట్రోలు కాలితే రమారమి లీటరు నీళ్లు పుడతాయి. నమ్మబుద్ధి కాదు గానీ లెక్క అంతే, పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. చాలా మటుకు ఆవిరిగా సైలెన్సర్ గొట్టంలోంచి పోతుంది. చలికాలం పొద్దున్నే గొట్టం చివర బొట్లు కారేది అందుకే. కొద్దిగా మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి, నూనె ఉండే తొట్టిలో చేరుతుంది. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు కూడా సరిగా కాలదు, అదీ కొంత నూనెలో కలిసి దాన్ని పల్చబరుస్తుంది. బండి అరగంట రోడ్డు మీద పరిగెత్తితే నూనె బాగా కాగి, ఆ తడీ పెట్రోలూ చాలావరకు ఆవిరైపోతాయి. నిలబెట్టి ఐదు నిమిషాలు ఆడిస్తే పుట్టిన నీళ్లు పుట్టినట్టే ఉంటాయి, పోయే వేడి మాత్రం రాదు. వచ్చే ఆదివారం ఇంకొంచెం. మూడేళ్లలో 156 ఆదివారాలు. అన్నీ కలిపితే ఇంజన్ ఆడింది 13 గంటలు. ఆ 13 గంటలూ చల్లటి గంటలే. మీటరు మీద ఒక్క కిలోమీటరు తిరగలేదు.

తమ్ముడి భార్య అంతా విని, బేసిన్ వైపు చూపించి అన్నారు.

"అంటే మూడేళ్లూ ఆవకాయ జాడీలో వారానికోసారి తడి గరిటె పెట్టి కలిపారన్నమాట."

ఇంజనీరింగు పుస్తకాలు పది చదివినా నాకు ఇంత బాగా ఎక్కి ఉండేది కాదు.

అన్నగారి ముఖంలో అప్పటికి చిరునవ్వు దాగడం లేదు. "చూశావుటరా, ముట్టుకోకుండా ఉంచడంలో కూడా ఒక వివరం ఉంటుంది. నాది మూతే తియ్యని జాడీ."

"మూడోనాడు తిరగకలపని జాడీ బావగారూ" అన్నారావిడ, టీ అందిస్తూ. "కారం అడుగునే, బూజు పైనే."

మేస్త్రి ఆ మాట నిజమని చూపించడానికి పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది. అన్నగారి బండి ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే ఎలుక కొబ్బరిపీచుతో గూడు కట్టుకుని ఉంది. పక్కన వైరు సగం కొరికింది. పెట్రోలు ట్యాంకు మూత తీస్తే పాత పెయింటు వాసన. బ్యాటరీలో ప్రాణం లేదు. టైర్లు నేలకు ఆనిన చోట చదునైపోయాయి. బండిని ముందుకు నెట్టబోతే వెనక చక్రాలు కదల్లేదు. దొర్లిపోకుండా బిగించిన హ్యాండ్‌బ్రేక్ మూడేళ్లలో తుప్పు పట్టి, బ్రేక్ షూలు డ్రమ్ములకు అతుక్కుపోయాయి.

"వెళ్లేముందు ఆయిల్ మార్పించారాండి?" అని అడిగాడు మేస్త్రి.

"నిలబెట్టే బండికి కొత్త నూనె ఎందుకురా? వచ్చాక మార్పిద్దామనుకున్నా."

"వెళ్లేముందే మార్చాలండి. వాడిన నూనెలో పులుపు ఉంటదండి, యాసిడ్. కొత్త నూనెలో దాన్ని విరిచే మందు కలుపుతారు, వాడేకొద్దీ అది అయిపోద్ది. ఆ పులిసిన నూనెలోనే బేరింగుల్ని మూడేళ్లు పడుకోబెట్టారు తమరు."

ఇప్పుడు చిరునవ్వు ఎవరి ముఖంలోనూ లేదు. కాసేపటికి తమ్ముడు, ఎవరి మీద కోపం తీర్చుకోవాలో తెలియక, మేస్త్రి ఆటో వైపు వెళ్లాడు. "నీ బండి ఎలా ఉందో చూద్దాం" అని డిప్‌స్టిక్ లాగించాడు. కాటుకలా నల్లగా ఉంది.

"నీదే అన్నిటికంటే అధ్వాన్నం కదయ్యా!"

"డీజిల్ బండండి, నూనె పోసిన రెండ్రోజులకే నల్లబడుద్ది. మసిని కడిగి, ముద్ద కట్టకుండా తనలో తేల్చి ఉంచుకోవడమే దాని పని. అంట్లు తోమిన నీళ్లు తేటగా ఉన్నాయంటే, అంట్లు తోమలేదనండి. దీన్ని వచ్చే నెల మార్చేస్తాను. ఆయ్."

తర్వాతి పని మేస్త్రి నాలుగు గంటలు చేశాడు. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొన్ని చుక్కల నూనె వేసి, మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా నాననిచ్చాడు. ఆ తర్వాత పానా వేసి ఇంజన్‌ని చేత్తోనే మెల్లగా తిప్పాడు. ఎక్కడైనా పట్టేస్తోందేమోనని చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఫిల్టర్లు కొత్తవి తెచ్చాడు, వాటి రబ్బరు వాషరుకు వేలితో నూనె రాసి, పానా లేకుండా చేత్తోనే బిగించాడు. డ్రెయిన్ నట్టుకు కొత్త వాషరు వేశాడు, పాతదే వేస్తే చుక్క చుక్క కారుతుందని. బండి పుస్తకంలో రాసిన గ్రేడు నూనె డిప్‌స్టిక్ పై గీత దాకా పోశాడు. అన్నగారి ట్యాంకులో పాత పెట్రోలు తోడేసి కొత్తది పోయించాడు, బ్యాటరీ మార్చాడు, కొరికిన వైరు అతికాడు, అతుక్కున్న బ్రేకులు విడదీశాడు. ప్లగ్గులు ఇంకా పెట్టకుండానే సెల్ఫ్ కొట్టాడు. డాష్‌బోర్డు మీద నూనెచెంబు బొమ్మతో వెలిగే ఎర్రలైటు ఆరేదాకా కొట్టాడు. నూనె పై దాకా ఎక్కిందని అది చెప్పాకే ప్లగ్గులు పెట్టి తాళం తిప్పాడు.

రెండు బళ్లూ పలికాయి. అన్నగారిది మూడో ప్రయత్నంలో.

"ఈ నూనె ఉంచడానికి కాదండి, కడగడానికి. మూడొందల కిలోమీటర్లు తిప్పి మళ్లీ దించేద్దాం" అన్నాడు మేస్త్రి. దించిన నూనెని డబ్బాలోకి వంపుకుని ఆటోలో పెట్టుకున్నాడు. అన్నగారి పాలేరు కొంచెం అడిగాడు, పాక స్తంభాలకు చెదలు పట్టకుండా పూస్తానని. పాత నూనెని కాలవలో పొయ్యనంతవరకు నాకు ఆ వాడకం మీద పెద్ద అభ్యంతరం లేదు, పశువులు నాకే చోట పూయకపోతే చాలు.

వెళ్తూ మేస్త్రి ఇద్దరికీ కలిపి ఒకే మాట చెప్పాడు. "పదిహేను రోజులకోసారి అంతర్వేది దాకా వెళ్లి రండి. కుదరకపోతే తాళం ముట్టుకోకండి. ఐదు నిమిషాలు మాత్రం వద్దండి."

నీతి

ముట్టుకోకుండా దాచినదాన్ని కాలం పాడుచేస్తుంది. మొక్కుబడికి ముట్టుకున్నదాన్ని ఆ ముట్టుకోవడమే పాడుచేస్తుంది. వాడితే మనసుపెట్టి వాడాలి, ఆపితే శుభ్రం చేసి ఆపాలి.

ఈ నీతి మొదటి సగం అందరికీ తెలిసిందే. బండి పుస్తకంలోనూ రాసి ఉంటుంది, ఇన్ని కిలోమీటర్లకు లేదా ఇన్ని నెలలకు, ఏది ముందైతే అప్పుడు నూనె మార్చమని. మనం కిలోమీటర్లు చూసుకుంటాం, నెలలు చూసుకోం. తిరగని బండికి అరుగుదల ఏముంటుందన్నది మన లెక్క. గాలిలో తడి ఉంటుంది, అందులోనూ సముద్రం పక్క ఊళ్లలో రాత్రి చల్లబడితే ఖాళీ ఇంజన్ గోడలకు లోపల చెమట పడుతుంది. నడిచినప్పుడు పైనున్న ఇనుముకు పట్టి ఉండే నూనె పొర, నెలలు గడిచేకొద్దీ కిందికి జారిపోతుంది. పొర పోయిన చోట తుప్పుకి స్వాగతం. ఇదంతా ఒప్పుకోవడానికి ఎవరికీ ఇబ్బంది లేదు.

నన్ను ఇబ్బంది పెట్టేది రెండో సగం. నీతికథల ధర్మం ప్రకారం శ్రద్ధ చూపినవాడు గెలవాలి, తాళం జేబులో వేసుకుని పోయినవాడు ఓడాలి. ఈ కథలో నూనె వరకు చూస్తే శ్రద్ధ చూపినవాడే ఎక్కువ పోగొట్టుకున్నాడు. తమ్ముడిది కపటం కాదు. 156 ఆదివారాలు ఒక పని తప్పకుండా చెయ్యడం చిన్న విషయం కాదు, నేను వ్యాయామం అన్ని వారాలు చెయ్యలేదు. కానీ ఆయన గడియారం చూసి ఆపేవాడు. ఇంజన్‌కి ఎంతసేపు కావాలో ఎప్పుడూ అడగలేదు. తనకు తృప్తిగా ఉండటానికి ఎంతసేపు కావాలో అంతసేపే ఆడించాడు. ఐదు నిమిషాలు ఆయన మనసుకు సరిపోయాయి, నూనెకు సరిపోలేదు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ఊళ్లో ఉన్న మా పిన్నికి ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాను. తిన్నావా, మందులేసుకున్నావా, ఎండలెలా ఉన్నాయి. మూడు నిమిషాలు. నాలుగో నిమిషంలో ఆవిడ ఏదో మొదలుపెట్టబోతుంది, గొంతు మారుతుంది, నాకు ఏదో పని గుర్తొస్తుంది. ఆ మారిన గొంతు వెనక ఏముందో ఇన్నేళ్లలో నేను విన్నది లేదు. ఏ వారమూ తప్పలేదు గనక తప్పు చేస్తున్నానని తోచనూ లేదు. ఆమధ్య ఒక రోజు ఫోన్ పెట్టకుండా కూర్చున్నాను. ఇరవై నిమిషాల దాకా మామూలు మాటలే నడిచాయి. ఆ తర్వాత గానీ అసలు మాట రాలేదు. అది ఇక్కడ రాసేది కాదు.

మేస్త్రి నల్లనూనె సంగతి కూడా ఈ నీతిలో భాగమే, కాకపోతే దాన్ని వాక్యంలో ఇరికించడం నాకు చేతకాలేదు. తేటగా ఉన్నదల్లా మంచిదని మనకొక భ్రమ. గొడవలు లేని ఇల్లు, గీతలు పడని పుస్తకం, మరక అంటని చొక్కా. పని చేసిన నూనె నల్లబడుతుంది. నల్లబడ్డాక మార్చకపోతే తప్పు గానీ నల్లబడటం తప్పు కాదు. తెల్లబడితేనే భయపడాలి.

అన్నదమ్ముల విషయానికొస్తే, తీర్థానికి రెండు కార్లూ వెళ్లాయి, ఒకదాని వెనక ఒకటి. ఒక్కో కార్లో ఇద్దరేసి, వెనక సీట్లు ఖాళీ. ఒకే కారులో వెళ్లొచ్చు కదా అని ఎవరో అన్నారట. కిలోమీటర్లు తిరగాలి కదండీ అన్నాడట తమ్ముడు. మూడొందలు నిండాక మేస్త్రి మళ్లీ వచ్చి నూనె దించాడు. ఈసారి నీళ్లు రాలేదు, తమ్ముడి బండి మూత లోపల ముద్ద లేదు. వేళ్ల మధ్య రుద్ది చూసి, ఏమీ అనకుండా, బానెట్ లోపలి వైపు మార్కరుతో తేదీ ఒకటి, మీటరు అంకె ఒకటి రాశాడు.

ఎండలు ముదిరేసరికి అన్నగారు మళ్లీ హైదరాబాదు బయల్దేరారు. ఈసారి వెళ్లేముందే నూనె మార్పించారు. ట్యాంకు నిండా కొట్టించారు, బ్యాటరీ వైరు తీయించారు, హ్యాండ్‌బ్రేక్ వదిలేసి చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టించారు, ఎయిర్ ఫిల్టర్ గొట్టానికి గుడ్డ కుక్కించారు. చెప్పులేసుకుంటూ జేబులోంచి తాళంచెవి తీశారు. తమ్ముడు చెయ్యి చాపాడు. అన్నగారు దాన్ని మరదలి చేతిలో పెట్టారు. ఆవిడ కొంగుతో తుడిచి, వంటింట్లో జాడీలుండే అలమర పక్క మేకుకు తగిలించారు.